జవాబు పన్నెండే రావాలి

ఐదో తరగతి లెక్కల పుస్తకం ఆ సాయంత్రమే ప్రెస్సులో మిషనెక్కాలి. ఆఖరి ప్రూఫుల మీద పొద్దున్నే పెద్దసారు సంతకం పెట్టేశారు. పెద్దసారంటే ఆ పుస్తకానికి సంపాదకులు. సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి, కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య" అన్నారు. పాఠ్యపుస్తకాల ఆఫీసు మొత్తం ఆయనతో పాటే ఊపిరి వదిలింది.

కామాక్షి ఒక్కతే ఇంకా ప్రూఫుల మీద వంగి కూర్చుంది. ఆమె అసలు పేరు వేరే ఉంది. కామా మీద అక్షి పడిందంటే ఇక వదలదని ఆఫీసులో ఎవరో పెట్టిన పేరు అది. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పుస్తకంలోని పద సమస్యలు రాయడం ఆమె ఉద్యోగం. పిల్లలు వాటిని కథ లెక్కలంటారు. 'ఒక టీచరు దగ్గర కొన్ని పెన్సిళ్ళు ఉన్నాయి' అని మొదలయ్యేవన్నీ ఆమె రాసినవో, ఆమె చేతి మీదుగా వెళ్ళినవో. ఇది ఆమెకు మొదటి పుస్తకం. అందుకే అన్నం తినేటప్పుడు కూడా ప్రూఫులు పక్కన పెట్టుకునేది.

ముందురోజు అలాగే ఇంటికి ఒక కాపీ తీసుకువెళ్తే వదిన లాగేసుకుంది. వదిన బడిలో ఐదో తరగతికి టీచరు.

"నాకు పాఠం చెప్పే ఓపిక లేనప్పుడు పిల్లల మీదకి ఇవి వదుల్తాను. నీకూ సరదా, నాకూ విశ్రాంతి," అంది.

ఆ విశ్రాంతి ఎంత బాగా కుదిరిందో పదకొండు గంటలకు వచ్చిన ఫోనులోనే తెలిసిపోయింది. వదిన గొంతు కన్నా వెనకనుంచి వచ్చే అరుపులే ఎక్కువ వినిపిస్తున్నాయి.

"అమ్మాయ్, నీ పూలకుండీల లెక్క పాడుగాను! నా క్లాసు మూడు పార్టీలయింది. పక్క క్లాసు టీచరు వచ్చి తలుపు కొట్టి మరీ తిట్టిపోయింది. ఉన్నపళంగా రా."

"పన్నెండు వదినా. అరవైని ఐదుతో భాగిస్తే పన్నెండే కదా. అందులో గొడవేముంది?"

"పన్నెండు పార్టీ వాళ్ళూ ఇదే పాట పాడుతున్నారు. మిగతా రెండు పార్టీలూ ఒప్పుకోవడం లేదు. వచ్చి నువ్వే తేల్చు."

కామాక్షి ఫోన్ పెట్టేసింది. మిగతా రెండు పార్టీలా? ప్రూఫుల కట్ట చంకలో పెట్టుకుని, పెద్దసారు కంటపడకుండా మెట్లు దిగింది. బడి రెండు వీధుల అవతలే. దాదాపు పరుగెత్తింది.

క్లాసు గదిలో ఎవరూ కూర్చుని లేరు. బోర్డు మీద వదిన గుండ్రటి అక్షరాలతో లెక్క రాసి ఉంది:

'60 మీటర్ల పొడవున్న బడి నడవ పక్కన, చూసేవారి కళ్ళకు ఇంపుగా ఉండేలా, 5 మీటర్లకు ఒకటి చొప్పున పూలకుండీలు పెట్టాలని ప్రధానోపాధ్యాయురాలు నిర్ణయించారు. ఎన్ని కుండీలు కావాలి?'

"ఈ అక్కే రాసింది," అంది వదిన. అంతే, క్లాసంతా ఆమె మీదకి వచ్చి పడింది.

రెండు జడల అమ్మాయి అందరికన్నా ముందు నిలబడింది. క్లాసులో ఆమెను లాయరమ్మ అంటారు. హోంవర్కు చేయకపోయినా చేయకపోవడానికి కారణాలు వరసపెట్టి చెప్పగలదు.

"అక్కా, పదమూడు కదా? మొదట్లో ఒకటి పెట్టాలి. తర్వాత ఐదైదు మీటర్లకీ ఒకటి. మొదటిది లెక్కలోకి రాదా?"

"పన్నెండే! భాగిస్తే పన్నెండే!" అని వెనకనుంచి ఒక పిల్లవాడు అరిచాడు. అతని పేరు మైకు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

"పదకొండు," అన్నారు కిటికీ వైపు నిలబడ్డ నలుగురైదుగురు కూడబలుక్కున్నట్టు. "నడవకి రెండు చివరలా తలుపులుంటాయి. తలుపుకి అడ్డంగా కుండీ పెడతారా ఎవరైనా?"

కామాక్షి మళ్ళీ బోర్డు వైపు చూసింది. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివిందో ఆమెకే తెలియదు. 'చొప్పున' తర్వాత కామా పెట్టాలా వద్దా అని ఒక పూటంతా ఆలోచించింది. కుండీ ఎక్కడ మొదలవుతుందో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

"బయటికి రండి," అంది. "పెట్టి చూద్దాం."

క్లాసు బయట పొడుగాటి నడవ. నేలంతా చదరపు పలకలు. ఇరవై పలకల దూరం సుద్దముక్కతో గీశారు. నాలుగు పలకలకొక సంచీ చొప్పున పెట్టమంది కామాక్షి. కుండీలకు బదులు బడిసంచీలు. పన్నెండు పార్టీ ఐదు సంచీలు పెట్టింది. లాయరమ్మ పార్టీ ఆరు పెట్టింది. తలుపుల పార్టీ నాలుగే పెట్టి, రెండు చివరలా ఇద్దరు మనుషుల్ని తలుపుల్లా నిలబెట్టింది. తలుపులు కిర్రుమని తెరుచుకుని మూసుకున్నాయి కూడా.

మూడు వరసలూ పక్కపక్కనే ఉన్నాయి. ప్రతి వరసలోనూ సంచీకీ సంచీకీ మధ్య సరిగ్గా నాలుగు పలకలే. ఎవరిదీ తప్పని చెప్పడానికి లేదు.

కామాక్షి నవ్వేసింది.

"వదినా! నేను రాసింది ఒక్క నడవే. అందులో మూడు నడవలున్నాయి!"

"తప్పు రాశానని తల పట్టుకోవాల్సింది పోయి, లాటరీ తగిలినట్టు ఆ నవ్వేంటే?"

"మిషనెక్కకముందు దొరికింది వదినా. ఇంకా ఎక్కలేదు!"

అక్కడే నిలబడి పెద్దసారుకి ఫోన్ చేసింది. ఒక లెక్క మార్చాలంది. ఆయన ఒకే ఒక్క మాటన్నారు: "సంతకం అయిపోయింది."

"ఈ ఒక్క క్లాసులోనే మూడు జవాబులు వచ్చాయి సార్. ఈ పుస్తకం ఎన్ని వేల క్లాసులకి వెళ్తుంది? మిగతా లెక్కలు కూడా వీళ్ళ చేత ఒకసారి..."

"ఏ క్లాసు? నువ్వు ఆఫీసులో లేవా? ప్రూఫులు బయటికి పట్టుకెళ్ళావా?" ఒక్కో ప్రశ్నకీ ఆయన గొంతు ఒక్కో మెట్టు ఎక్కింది. "అక్కడే ఉండు. నేను వస్తున్నా."

అందరూ మళ్ళీ క్లాసులోకి వచ్చారు. ఆయన వచ్చేలోపు కుండీల లెక్క బాగుచేసి చూపించాలనుకుంది కామాక్షి. మళ్ళీ ఎవరూ వేలు పెట్టలేనంత గట్టిగా రాయాలనుకుని, కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని చకచకా రాసి, క్లాసుకి చదివి వినిపించింది:

"60 మీటర్ల పొడవున్న ఒక తిన్నని నడవకు ఒక పక్క మాత్రమే, నడవ మొదలయ్యే చోట మొదటి కుండీ, నడవ ముగిసే చోట చివరి కుండీ ఉండేటట్లు, నడవకు తలుపులు లేవనుకుని, కుండీల వెడల్పును పరిగణనలోకి తీసుకోకుండా, ఒక కుండీ మధ్యభాగం నుంచి పక్క కుండీ మధ్యభాగానికి 5 మీటర్ల దూరం ఉండేటట్లు పెడితే..."

అప్పటికే ముందు బెంచీలో ఒకమ్మాయి ఆవలించింది.

"అక్కా," అంది లాయరమ్మ, "ఇది లెక్కా, అద్దె ఒప్పందమా?"

"నాకు చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయింది," అన్నాడు మైకు. ఎంత దిగులుగా అన్నాడంటే వదిన మొహం తిప్పుకుని నవ్వాల్సి వచ్చింది.

కామాక్షి కాగితం వైపు చూసింది. నిజమే. సందేహానికి చోటు లేకుండా రాసింది. చదివేవాడికి కూడా చోటు లేదు. పెన్ను తీసి కొట్టేయడం మొదలుపెట్టింది. ముందు తలుపులు పోయాయి. కుండీల వెడల్పు పోయింది. మధ్యభాగాలు పోయాయి. అసలు లెక్కలోని 'చూసేవారి కళ్ళకు ఇంపుగా ఉండేలా' దగ్గర చెయ్యి ఆగింది. ఆ ముక్క రాసిన రోజున ఎంత మురిసిపోయిందో! ఒక్క క్షణం ముల్లు గుచ్చుకున్నట్టయింది. దాన్నీ కొట్టేసింది. ప్రధానోపాధ్యాయురాలిని కూడా ఇంటికి పంపేసింది. మిగిలింది ఇంతే:

'60 మీటర్ల నడవ పక్కన 5 మీటర్లకు ఒక పూలకుండీ పెట్టాలి. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి తప్పకుండా ఉండాలి. మొత్తం ఎన్ని కుండీలు కావాలి?'

"పదమూడు!" క్లాసు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. తలుపుల పార్టీ కూడా అరిచింది.

ఆ అరుపుకి గుమ్మంలో అడుగుపెట్టబోతున్న పెద్దసారు ఒకడుగు వెనక్కి వేశారు.

ఎండలో స్కూటరు మీద వచ్చిన మనిషి. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "ఏమిటిదంతా? ప్రూఫులిలా ఇవ్వు," అని చెయ్యి చాచారు. అప్పటికే ప్రూఫులు కామాక్షి చేతిలో లేవు. లాయరమ్మ బెంచీ మీద ఉన్నాయి. చుట్టూ ఆరు తలలు వంగి ఉన్నాయి.

"సార్, ఈ నీళ్ళ డ్రమ్ముల లెక్క కూడా అలాంటిదే," అంది లాయరమ్మ తలెత్తకుండానే.

పెద్దసారు గతుక్కుమన్నారు. డ్రమ్ముల లెక్క ఆయన స్వయంగా రాసింది. కామాక్షి దాని మీద కామా కూడా కదపలేదు.

"అందులో ఏముంది? శుభ్రంగా ఉందే. చదువు."

"చిన్న డ్రమ్ములో 40 లీటర్ల నీళ్ళు పడతాయి. పెద్ద డ్రమ్ములో దానికన్నా మూడు రెట్లు ఎక్కువ పడతాయి. పెద్ద డ్రమ్ములో ఎన్ని లీటర్లు పడతాయి?"

"నలభై మూళ్ళు నూట ఇరవై. ఇంకేం కావాలి?"

"మరి ఒక రెట్టు ఎక్కువ పడితే ఎంత సార్?"

"నలభైకి ఇంకో నలభై ఎక్కువ. ఎనభై."

"రెండు రెట్లు ఎక్కువ పడితే?"

"ఎనభైకి ఇంకో నలభై, నూట ఇ..." పెద్దసారు ఆగిపోయారు.

ఆయన పెదవులు కదులుతున్నాయి. వేళ్ళు కోటు గుండీల మీద ఏదో లెక్కపెడుతున్నాయి. ఆయన గొంతు ఇప్పుడే పేలుతుందనుకుంది కామాక్షి.

"నూట అరవై," అన్నారాయన. "ఈ అమ్మాయి లెక్కన నూట అరవై వస్తుంది. నా లెక్కన నూట ఇరవై." తర్వాత ఆయన మొహంలో ఎవరూ ఊహించనిది జరిగింది. కళ్ళు మెరిశాయి. "ఓరి నాయనో! ఈ 'ఎక్కువ' అనేది ఎప్పుడు వచ్చి దూరింది ఇందులోకి? నేనిన్నేళ్ళూ ఇలాగే రాస్తున్నానే!"

"తీసేస్తే సరిపోతుంది సార్," అంది కామాక్షి గబగబా. "దానికి మూడు రెట్లు పడతాయి. అంతే. నూట ఇరవై."

"ఒక మాట తీస్తే బాగైపోయిందా?" అని ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నారు. కోటు విప్పి కుర్చీకి తగిలించారు. పిల్లల బెంచీ మీద కూర్చున్నారు. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొట్టి బెంచీ. "ఇంకేవి దొరికాయి మీకు?"

అక్కడే కూర్చుని ప్రెస్సు ఫోర్‌మన్‌కి ఫోన్ చేశారు. మూడో అధ్యాయంలో కొన్ని దిద్దుబాట్లు ఉన్నాయన్నారు. ఫోర్‌మన్ గొంతు అందరికీ వినిపించింది. "దిద్దుకోండి గానీ, ఏ లెక్కలోనూ లైను పెరక్కూడదండీ. ఒక్క లైను పెరిగితే పేజీ జరుగుతుంది. పేజీ జరిగితే పుస్తకమంతా జరుగుతుంది. నాలుగున్నరకి అచ్చు ప్లేటు వేసేస్తా."

"విన్నారుగా," అంది వదిన క్లాసు వైపు తిరిగి. "లైను పెరగకూడదు. తప్పు ఉండకూడదు. నాలుగున్నర లోపు. పట్టండి!"

ఆ రోజు మధ్యాహ్నం ఆ క్లాసు చేసిన పని చూసి తీరాలి. ఇద్దరిద్దరు జంటలుగా కూర్చున్నారు. జంటలో ఒకళ్ళ జవాబు ఒకళ్ళకి చూపించకుండా చేసి, ఆఖర్న పోల్చుకున్నారు. ఇద్దరికీ ఒకటే వస్తే లెక్క పాసు. వేరువేరుగా వస్తే చెయ్యెత్తి కేక వేయాలి. భోజనాల గంట మోగితే డబ్బాలు తెరిచి ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో లెక్కలు చేశారు. పద సమస్యలంటే పారిపోయే క్లాసు ఇదేనా అని వదిన బుగ్గ మీద చెయ్యి వేసుకుంది.

మొదటి కేక పెన్సిళ్ళ దగ్గర లేచింది. 'డబ్బాలో 30 పెన్సిళ్ళు ఉన్నాయి. టీచరు నలుగురు పిల్లలకు 6 పెన్సిళ్ళు ఇచ్చింది. డబ్బాలో ఎన్ని మిగిలాయి?' జంటలో ఒకరికి ఇరవై నాలుగు, ఇంకొకరికి ఆరు.

"నలుగురికీ కలిపి ఆరే ఇచ్చింది, పిసినారి టీచరు," అన్నారు ఒకరు.

"కాదు, ఒక్కొక్కళ్ళకీ ఆరు," అన్నారు ఇంకొకరు.

"జవాబుల పేజీలో ఆరు మిగిలాయని ఉంది," అన్నారు పెద్దసారు ప్రూఫు తిప్పి. "అంటే ఒక్కొక్కరికీ అనే. కానీ 'ఒక్కొక్కరికి' అని పెడితే లైను దాటుతుందేమో..."

"ఆరేసి!" అంది కామాక్షి లేచి నిలబడి. "సార్, ఆరేసి! అంకె తీసేసి 'ఆరేసి పెన్సిళ్ళు' అని పెడదాం. మన భాషలో ఈ మాట ఉన్నదే ఇందుకు!"

"ఆరేసి," అని పెద్దసారు నెమ్మదిగా అన్నారు, నోట్లో చక్కెర ముక్క వేసుకున్నట్టు. "పంచేటప్పుడు ఇంట్లో రోజూ అనే మాటే. రాసేటప్పుడు ఎక్కడికి పోతుందో."

తర్వాత మైకు చెయ్యెత్తాడు. చెయ్యెత్తడమే కాదు, బెంచీ కూడా ఎక్కాడు. "ఇది పెద్ద తప్పు అక్కా! 'ఒకమ్మాయి పుస్తకంలో 12వ పేజీ మొదటి నుంచి 20వ పేజీ చివరి దాకా చదివింది. ఎన్ని పేజీలు చదివింది?' నాకు ఎనిమిది వచ్చింది, దీనికి తొమ్మిది వచ్చింది. మార్చేయండి."

కామాక్షి ఆ లెక్క రెండుసార్లు చదివింది. "నీ పుస్తకం తియ్యి. పన్నెండో పేజీ నుంచి ఒక్కొక్కటీ తిప్పు."

మైకు తిప్పాడు. పైకి లెక్కపెట్టాడు. ఏడు దాకా మైకులాగే, ఎనిమిది దగ్గర కొంచెం తగ్గి, తొమ్మిది దగ్గర గుసగుసగా.

"మొదటి నుంచి, చివరి దాకా అని స్పష్టంగానే ఉంది కదా," అంది కామాక్షి. "దీన్ని మార్చం. ఇది తప్పుడు లెక్క కాదు, గడుసు లెక్క. అర్థంకాక తప్పు చేస్తే అది నా పొరపాటు. అర్థమయ్యాక తప్పు చేస్తే..."

"నాది," అన్నాడు మైకు. క్లాసు గొల్లుమంది. అందరికన్నా గట్టిగా వాడే నవ్వాడు.

మూడున్నరకి అధ్యాయమంతా అయిపోయింది. పెద్దసారు ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి దిద్దుబాట్లు ఒక్కొక్కటే చదవసాగారు. డ్రమ్ములు అయ్యాయి. పెన్సిళ్ళు అయ్యాయి. "పూలకుండీల లెక్క కొత్తది పంపిస్తున్నా. దాంతో పాటు జవాబుల పేజీలో పన్నెండు తీసేసి పదమూడు చెయ్యాలి."

అవతల ఫోర్‌మన్ గొంతు తగ్గింది.

"జవాబుల పేజీ ఉన్న ఫారం అచ్చయిపోయిందండీ. మిషను ఖాళీగా ఉందని పొద్దున్నే దాన్ని ఎక్కించేశాం. కాగితాలన్నీ కట్టలు కట్టేశాం కూడా."

ఫోన్ పెట్టేశాక పెద్దసారు ఎవరి వైపూ చూడలేదు. పుస్తకంలో ఇక జవాబు మారదు. ఎన్ని వేల ప్రతుల్లోనో పన్నెండు అని అచ్చయిపోయి కూర్చుంది. కొత్త లెక్కకి జవాబు పదమూడు. పిల్లలు సరిగ్గా చేసి, చివరి పేజీ తిప్పి చూసుకుని, తమదే తప్పనుకుంటారు.

"తప్పొప్పుల చీటీ అచ్చేసి పుస్తకంలో పెడదామా?" అన్నారాయన.

"ఆ చీటీలు మొదటిరోజే రాకెట్లవుతాయి సార్," అంది వదిన. "నాకు తెలుసు కదా."

"అయితే జవాబు పన్నెండే రావాలి," అంది కామాక్షి. అన్నాక తనకే ఆ మాట కొత్తగా వినిపించింది. "జవాబుని మార్చలేకపోతే లెక్కనే మారుద్దాం. పన్నెండు తప్ప ఇంకోటి రాకూడదు, అలా రాద్దాం!"

"ఒక చివర తలుపు పెట్టండి," అంది లాయరమ్మ వెంటనే. "ఆ చివర కుండీ వద్దనండి."

రాసి చూశారు. పన్నెండే వచ్చింది. కానీ తలుపు, దాని కారణం, ఏ చివరన్నదీ చెప్పేసరికి లైనుంబావు పెరిగింది. కుదించారు. ఇంకా పెరుగుతూనే ఉంది. వదిన గోడ గడియారం వైపు చూసింది. పెద్దసారు నుదురు తుడుచుకున్నారు. క్లాసంతా ఏదో ఒకటి అరుస్తోంది. అసలైన మైకు మాత్రం మాట్లాడటం లేదు. గోళ్ళు కొరుకుతూ బోర్డు వైపే చూస్తున్నాడు.

"టీచర్, గొడవంతా చివర్లతోనే కదా?" అన్నాడు. వాడి గొంతు అంత మామూలుగా ఉండటం ఆ క్లాసు ఎన్నడూ వినలేదు. అందుకే అందరూ ఆగి విన్నారు. "చివర్లు లేకుండా చేసేస్తే?"

"చివర్లు లేని నడవ ఎక్కడుంటుందిరా?"

"గుండ్రంగా ఉంటే చివరేది టీచర్?"

కామాక్షి చేతిలోని పెన్ను కింద పడింది. "నిలబడండి! పన్నెండు మంది! చేతులు పట్టుకోండి!"

పన్నెండు మంది వరసగా చేతులు పట్టుకుని నిలబడ్డారు. పెద్దసారు స్వయంగా ముందునుంచి నడుస్తూ మనిషికీ మనిషికీ మధ్య ఖాళీలు లెక్కపెట్టారు. పదకొండు. "ఇప్పుడు ఆ చివర ఉన్నవాడూ, ఈ చివర ఉన్నదీ చేతులు కలపండి!" అంది కామాక్షి. వరస వంగి గుండ్రమైంది. పెద్దసారు మళ్ళీ మొదలుపెట్టారు. పది, పదకొండు, కలిసిన చేతుల దగ్గర ఆగి, "పన్నెండు!" అని అరిచారు. మనుషులు పన్నెండు, ఖాళీలు పన్నెండు. గుండ్రం అక్కడితో ఆగలేదు, గిర్రున తిరగడం మొదలుపెట్టింది. పక్క క్లాసు టీచరు మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నవ్వుతున్న పెద్దసారును చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

కామాక్షి నిలబడే రాసింది: '60 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి తోట అంచున చుట్టూరా 5 మీటర్లకు ఒక పూలకుండీ పెట్టాలి. మొత్తం ఎన్ని కుండీలు కావాలి?' తలుపు లేదు. మొదలు లేదు. చివర లేదు. లైను కూడా పెరగలేదు. పుస్తకంలో లెక్క పక్కనున్న బొమ్మ గుర్తొచ్చింది. గబగబా పేజీ తిప్పింది. బొమ్మలో ఒకే ఒక్క కుండీ, ఒకే ఒక్క పువ్వు. నడవ లేదు. బతికిపోయాం అనుకుంది.

"పద, పద!" అని పెద్దసారు కోటు అక్కడే వదిలేసి బయటికి నడిచారు. కామాక్షి ఆయన స్కూటరు వెనక ఎక్కి, కాగితం ఎగిరిపోకుండా గుండెలకి అదుముకుంది. మామూలుగా సైకిళ్ళకు కూడా దారిచ్చే మనిషి ఆ రోజు రెండు బస్సుల మధ్యనుంచి దూరారు. సగం దారిలో ఎర్రదీపం పడింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు.

"చుట్టుకొలత! ఆ మాట ఆరో అధ్యాయంలో కదా చెప్తాం? ఇది మూడో అధ్యాయం! పిల్లలకి ఇంకా తెలీదు!"

నిజమే. ఆమెకు తట్టనే లేదు. కాగితం మోకాలి మీద పెట్టుకుని, వెనకనుంచి హారన్లు మోగుతుండగా దిద్దింది: 'ఒక గుండ్రటి తోట అంచు చుట్టూ కొలిస్తే 60 మీటర్లు.' పచ్చదీపం పడింది. స్కూటరు ఎగిరి దూకింది.

ప్రెస్సులో సిరా వాసన, వేడి, నేలంతా సన్నటి అదురు. ఫోర్‌మన్ గడియారం కింద నిలబడి ఎదురుచూస్తున్నాడు. కంప్యూటరు ముందున్న అమ్మాయి లెక్కని టైపు చేసింది. 'కావాలి?' అన్న ఒక్క మాట జారి కింద లైనులో పడింది. ముగ్గురూ తెర వైపు వంగారు.

"ఒక్క మాట తీయండి," అన్నాడు ఫోర్‌మన్. "ఏదో ఒకటి."

"మొత్తం," అంది కామాక్షి. "మొత్తం తీసేయండి."

"మొత్తం లెక్కా?" అంది కంప్యూటరు అమ్మాయి హడలిపోయి.

"కాదు, 'మొత్తం' అన్న మాట!"

మాట పోయింది. 'కావాలి?' టక్కున పైకి ఎగిరి తన చోట కూర్చుంది. పెద్దసారు అప్పటికప్పుడు కొత్త ప్రూఫు మీద సంతకం పెట్టారు. ఈసారి "హమ్మయ్య" అనలేదు. సంతకం పెట్టే ముందు లెక్క చేశారు.

ప్లేటు తయారై మిషనెక్కేసరికి బయట ఎండ చల్లబడింది. మిషను ముందు గొణిగి, తర్వాత ఊపందుకుని, పెద్దపెద్ద కాగితాలు విసిరి పేర్చసాగింది. ఇద్దరు మిషను వాళ్ళు మొదటి కాగితాలు తీసి రంగు సమంగా పడిందో లేదో వెలుగులో చూస్తున్నారు. వాళ్ళలో ఒకాయన చూపు ఒకచోట ఆగింది. పెదవులు కదిపాడు. పక్కాయన భుజం తట్టి ఆ చోటు వేలుపెట్టి చూపించాడు. ఇద్దరూ కాగితానికి చెరోవైపు నిలబడి చదివారు. ఒకాయన వేలితో గాలిలో సున్నా చుట్టాడు.

కామాక్షి కదలకుండా నిలబడింది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. పుస్తకంతో పాటు ప్రతి క్లాసుకీ తను వెళ్ళదు కదా.

"పన్నెండు," అన్నాడు మొదటాయన మిషను చప్పుడు మీదుగా.

"నాకూ పన్నెండే," అన్నాడు రెండో ఆయన. కాగితాన్ని కుప్ప మీద పడేసి ఇద్దరూ పనిలో పడ్డారు.

కామాక్షి గోడవారకి పరుగెత్తి వదినకి ఫోన్ చేసింది. ఒక చెవి మూసుకుని, చప్పుడు మించి అరిచింది.

"పన్నెండు వదినా! ఇద్దరికీ పన్నెండే!"

"ఏ ఇద్దరికే? ఎవరు వాళ్ళు?"

"నాకూ తెలీదు వదినా! ఎవరో!"